తొమ్మిదుల ఆదివారం

ఈ మధ్యాహ్నం మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు పొయ్యి మీద నుంచి దించి మూత తీయగానే, ఆ వాసనకు ఎవరో అడిగినట్టు నా నోటి నుంచి ఒక సంఖ్య వచ్చింది: లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు.

మైపాడు దగ్గర మా అవ్వ ఇంట్లో పిల్లలం ఆరుగురం. ఎండాకాలం సెలవుల్లో పొద్దుటి నుంచీ సముద్రంలో నాని, ఆరిన ఉప్పు చరచరలాడే ఒళ్ళతో వంటింట్లో గుండ్రంగా కూర్చుంటే, అవ్వ సత్తు బేసినులో ఎర్రటి పులుసుతో అన్నం కలిపి, ప్రార్థన చేయించి, ఒక్కొక్కరి అరచేతిలో ముద్ద పెట్టేది. పైన తేలిన నూనె, మెత్తగా ఉడికిన మామిడికాయ టెంక ముక్క మొదటి ముద్దకే దక్కేవి కాబట్టి రోజూ యుద్ధమే. నేను ఆఖరిదాన్ని, ఏడుపు తప్ప నాకు వేరే ఆయుధం లేదు.

అందరికన్నా పెద్దది, లెక్కల పిచ్చిది మా పెద్దక్క. బడిలో మేష్టారు చెప్పిన వింత సంఖ్య అంటూ ఒకనాడు బొగ్గుతో గోడ మీద 142857 అని రాసి, మేం కూర్చునే వరసలోనే తలా ఒక అంకె పంచింది. తనకు ఒకటి, నాకు ఏడు. సోమవారం ఆ సంఖ్య ఉన్నది ఉన్నట్టే. మంగళవారం రెండుతో, బుధవారం మూడుతో, అలా గుణించుకుంటూ పోవాలి, ముందు ఏ అంకె వస్తే ఆ అంకె వాళ్ళకు మొదటి ముద్ద. రెండుతో గుణిస్తే 285714, మూడుతో 428571. అవే ఆరు అంకెలు, అదే వరస. ఎవరూ చోటు మారక్కర్లేదు, మొదలే మారుతుంది. శుక్రవారం అయిదుతో గుణిస్తే 714285 వచ్చి నా ఏడు ముందు నిలబడింది. ఆ రోజు టెంక తెల్లబడేదాకా చీకాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి ఏడుతో గుణించాం. 999999.

"తప్పు చేసినావక్కా, మళ్ళా చెయ్యి," అన్నాడు చిన్నన్న.

అక్క మూడుసార్లు చేసింది. అవే తొమ్మిదులు. మాలో ఎవరికీ తొమ్మిది లేదు, పులుసేమో చల్లారిపోతోంది.

"మరి అవ్వకేం అంకె ఇచ్చినావు?" అన్నాను. తెలివితో కాదు, ఆకలితో.

అక్క బొగ్గు కింద పడేసింది. అవ్వకూ ఒక అంకె ఉండాలని మాకెవరికీ తోచనేలేదు. మేం చేతులు కడుక్కుని ఆటలకు పోయాక, ఆమె బేసిను అంచులు తుడుచుకుని తినేది.

"నాకెందుకు తల్లీ, మీరు తినండి. నేను తర్వాత తింటాలే."

అక్క వినలేదు. బేసిను తన ముందుకు లాక్కుని, టెంక ముక్క పెట్టి ముద్ద చేసి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ తిని, పైట నోటికి అడ్డం పెట్టుకుని, "ఎంత పులుపే!" అంది. ఆమె కళ్ళల్లో తిరిగిన నీళ్ళు పులుపుకేనని నమ్మాను నేను. అప్పటి నుంచీ ప్రతి ఆదివారం మొదటి ముద్ద అవ్వదే.

అవ్వ ఎప్పుడో పోయింది. ఆ ఇల్లు పడగొట్టిన చోట ఇప్పుడు రొయ్యల చెరువుంది. పెద్దక్క పోయి ఏడాది కావస్తోంది. ఇవాళ నా పిల్లలిద్దరూ ప్లేట్లు పట్టుకుని ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు, మామిడికాయ పులుపని ఇద్దరూ వద్దన్నారు. ఫోన్లో ఏడుతో గుణించి చూశాను. ఆరు తొమ్మిదులూ వచ్చాయి. సంఖ్యకు ఏమీ కాలేదు.

ఒకప్పుడు ఒక్క ముక్క కోసం అంత ఏడ్చినదాన్ని, ఇప్పుడు గిన్నెలో ఉన్నవన్నీ నావే. ఒకటి తీసి ముద్ద చేశాను గానీ నోటి దాకా పోలేదు.

పెద్దక్కా, ఇవాళ ఆదివారం. ఈ ముద్ద ఎవరికి పెట్టమంటావు?