పూజగదిలో టోపీ స్వామి

మొన్న లాఫ్ట్ సర్దుతుంటే పాత సీడీ ఒకటి చేతికొచ్చింది. మూత తీయగానే గుప్పున కర్పూరం, ఇంగువ కలిసిన వాసన. అట్టమీద పెద్ద టోపీ, బుర్రమీసాలతో ఆకాశంలోకి చేతులు చాచిన మనిషి, ఆయన నుదుట మా అమ్మ పెట్టిన కుంకుమబొట్టు.

బర్మింగ్‌హామ్‌లో నా చిన్నప్పుడు శనివారం ఉదయమంటే అమ్మకు పులిహోర తాలింపు, నాన్నకు పాత సామాన్లమ్మే చారిటీ షాపులు. అక్కడ దొరికిన ఆ మెక్సికో జానపదాల్లాంటి రాంచెరా పాటల్ని నాన్న భక్తిగీతాలని తేల్చేశారు. బాకాలు మోగుతుండగా ఆ గొంతు ఒక్కో మాటా సాగదీసి, మధ్యలో ఆగి, వెక్కి, మళ్లీ ఏడుపు అందుకుంటే నాన్న కళ్లు తుడుచుకునేవారు.

"భాషేదైతే ఏవిటే, ఆ ఆర్తి చూడు! దేవుణ్ణే పిలుస్తున్నాడు."

దగ్గుమందులోనూ మత్తుంటుంది, ముట్టనని జీపీ డాక్టరుతో వాదించే నిష్ఠగల మనిషి మాట కదా, అమ్మ నమ్మింది. టోపీ స్వామికి పూజగదిలో చోటిచ్చింది. పరీక్షల ముందు నేను ఆయనకు దణ్ణం కూడా పెట్టుకునేదాన్ని.

ఎదురింటి రోసా ఆంటీది మెక్సికో. ఓసారి సత్యనారాయణ వ్రతానికి పిలిచాం. కథ అయ్యాక నాన్న టోపీ స్వామి పాట పెట్టారు. రవ్వప్రసాదం నోట్లో పెట్టుకోబోతున్న ఆంటీ చెయ్యి ఆగిపోయింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. ప్రియురాలు వదిలేసిందని బార్లో కూర్చుని ఇంకో సీసా తెమ్మంటున్నాడట. తరువాతి పాటలో తాగి తాగి చచ్చిపోతాడట, సమాధిలోనూ ఓ సీసా పెట్టమంటాడట!

అమ్మ ముఖం కందగడ్డ చేసుకుంది. "సత్యనారాయణ స్వామి ముందు తాగుబోతు పాటలా! ఇవాళే బయట పారేస్తాను."

నాన్న సీడీని గుండెకు హత్తుకుని, ఏ పాటలోనైనా ఆ మనిషి బాగుపడతాడా అని ఆంటీని అడిగారు. ఎవరూ బాగుపడరంది ఆవిడ.

"మా అన్నయ్యా అంతేనమ్మా," అన్నారు నాన్న, ఆంటీకి తెలుగు రాదన్న సంగతి మరచిపోయి.

తాగుడుతో పోయిన పెదనాన్న గురించి ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి. సీడీ లాక్కోబోయిన అమ్మ వెనక్కి తగ్గింది. టోపీ స్వామి వంటింట్లో ఇంగువ డబ్బా పక్కకు మారాడు. దీపం కొండెక్కాకే వినాలని షరతు.

ఇప్పుడు నాన్న లేరు. ఆంటీ వాళ్ల దేశం వెళ్లిపోయింది. సీడీ పెట్టుకు వినడానికి ఇంట్లో ప్లేయరూ లేదు. స్కూల్లో స్పానిష్ నేర్చుకుంటున్న మా అమ్మాయి అట్ట వెనక పాటల పేర్లు చదివింది.

"మమ్, దీజ్ ఆర్ ఆల్ అబౌట్ డ్రింకింగ్! డజ్ హి ఎవర్ స్టాప్?"

"లేదే," అన్నాను. "అయినా తాతయ్య ప్రతిసారీ ఆఖరి పాటదాకా వినేవారు, ఈసారైనా మానేస్తాడేమోనని."