రెండుసార్లు వచ్చిన వాగ్దానం

ఆదీ అంతమూ లేని దేవునికి స్తోత్రం. యుగాలను అరచేత పట్టుకుని కూడా యానాంలో మా చిన్న ఇంటిని మరచిపోనివాడు ఆయన. ఆయన నామానికే మహిమ.

మా సంఘంలో కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన ముగియగానే వాగ్దానపు కార్డులు తీస్తాం. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. దానిమీద ఉన్న వాక్యమే ఆ యేటికి దేవుడు మనకిచ్చిన మాట. నచ్చలేదని తిరిగి పెట్టకూడదు.

ఈ యేడు మా అమ్మాయి ఏడో నెల కడుపుతో పురిటికి వచ్చి ఇంట్లో పడుకుని ఉంది. దాని పేరున మా ఆవిడ కార్డు తీసింది. చదవగానే ఆమె ముఖం వాడిపోయింది. నీళ్లలో నడిచినా నీకు తోడుంటానన్న వాగ్దానం అది. అంతకుముందు అమ్మాయి మొదటిసారి కడుపుతో ఉన్న యేడు వచ్చిందీ అదే. ఆ యేడు గోదావరి నీళ్లు మా గుమ్మం దాటాయి. ఆ నీళ్లలోనే అమ్మాయిని పడవమీద ఆసుపత్రికి తీసుకెళ్లాం. కడుపులో బిడ్డ దక్కలేదు.

మా ఆవిడ ఆ కార్డును పళ్లెంలో పడేసి గబుక్కున ఇంకొకటి తీసింది. అదీ ఆ వాక్యమే.

పళ్లెం పట్టుకున్న పాస్టరమ్మగారు నవ్వారు. “ఒకసారి చెప్తే వినలేదని రెండోసారి చెప్పాడమ్మా.”

మా ఆవిడ నవ్వలేదు. ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టుకోలేదు. మా అల్లుడు కాకినాడలో లెక్కల మాస్టారు, పండక్కి వచ్చి ఉన్నాడు. అత్తగారిని ఓదార్చే పని తనే తీసుకున్నాడు.

“అత్తయ్యగారూ, ఆ వాక్యాలు ఓ పాతిక రకాలుంటాయేమోనండి. ఒక్కోటీ బోల్డన్ని అచ్చేయిస్తారు. యేటేటా తీస్తా పోతే వచ్చిందే మళ్లీ వత్తాదండి. రాకపోతేనే వింత.”

“అంటే జరిగిందే మళ్లీ జరుగుద్దంటారా బాబూ?”

“కాలానికి అంతు లేకపోతే ఎప్పటికో ఒకప్పటికి అన్నీ తిరిగొత్తాయని అనేవాళ్లూ ఉన్నారండి. కానీ...”

“ఓదార్చింది చాల్లెండి,” అంది మా అమ్మాయి మంచంమీంచి. “అమ్మా, ఇలా రా.”

తల్లి చేతిని తీసుకుని పొట్టమీద పెట్టుకుంది. “అప్పటి బిడ్డ ఎంత నెమ్మదో నీకు తెలుసు కదా. ఇది చూడు, మీ అల్లుడుగారి గొంతు వింటే చాలు తన్నేత్తంది. లెక్కలంటే పడదనుకుంటా.”

అల్లుడు తల గోక్కున్నాడు. మా ఆవిడ మాత్రం చేయి తీయలేదు.

పగలూ రాత్రీ, సముద్రపు పోటూ పాటూ తిరిగి తిరిగి రావడం దేవుడు పెట్టిన క్రమమే. కానీ ఆయన ఏ ప్రాణాన్నీ మరొకదానికి నకలుగా చేయడు. నేను ఏళ్ల తరబడి సంఘంలో వింటూ వచ్చిన ఈ మాట మా ఆవిడకు ఆ పొట్టమీద చేయి పెట్టాకే అందింది. ఆ సాయంత్రం ప్రార్థనలో ఆమె పోయిన బిడ్డ కోసం ఒకసారి ఏడ్చింది. తరువాత, ఈ బిడ్డ కోసం వేరుగా అడిగింది.

ఇది రాస్తున్నప్పటికి తొమ్మిదో నెల పడింది. మా ఆవిడకు భయం పూర్తిగా పోలేదు, నాకూ పోలేదు. చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని మాతో కలిసి అడగండి: ప్రభువా, ఈ తల్లినీ ఈ బిడ్డనూ క్షేమంగా వేరుచేసి, ఒకరి చేతుల్లో ఒకరిని పెట్టు. ఆమేన్.