రెండు దెబ్బల నడుమ

ముందు ఒక్క దెబ్బ వినబడింది. ఇనుము మీద ఇనుము. ఆ మోత వరండా పొడవునా పాకి, గదుల్లోకి తొంగిచూసి, నీళ్ళ కుళాయి దగ్గరెక్కడో సన్నగిల్లి ఆగిపోయింది. రెండో దెబ్బ రాలేదు.

ఆ బడిలో నాకది మొదటి రోజు. పుస్తకం మూసి లేవబోయాను. పిల్లలెవరూ కదల్లేదు.

"ఆగండి టీచర్, గంటమ్మ ఇంకోటి కొట్టాలి" అంది ముందు బెంచీ అమ్మాయి.

వెనక బెంచీలో ఎవరో పక్కవాడికి చెబుతున్న మాట తాపీగా ముగించాడు. అప్పుడు పడింది రెండోది.

వరండా చివర, వేలాడే రైలు పట్టా ముక్క కింద ఆమె నిలబడి ఉంది. పొట్టి మనిషి. చేతిలో సుత్తి, నడుముకు తాళాల గుత్తి. ఇరవై ఆరేళ్ళుగా ఆ బడికి ఆయా. పొద్దున్నే పదకొండు గదులు తెరిచి, ఊడ్చి, బోర్డులు తుడిచి, రోజుకి ఎనిమిదిసార్లు గంట కొట్టేది.

"మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు, నేను గంట కొడతాను. అయినా మా ఇంట్లో ఏనాడూ టైముకి వంటవదు టీచరమ్మా" అని నవ్వేది.

హెడ్మాస్టరుగారు ఆమెను ఊరుకోనిచ్చేవారు కాదు. "ఏం గంటమ్మా, రెండు దెబ్బల మధ్య కునుకు పడుతోందా?"

"కునుకు పట్టాలంటే మీ లెక్కల క్లాసుకి రావాలి గాని సార్, ఇక్కడెందుకు పడుతుంది?"

ఆ విరామం గురించి ఒక మధ్యాహ్నం స్టోర్ రూములో, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చెప్పింది. పదకొండేళ్ళ కిందట, ఇంటికి వెళ్ళే గంట వేళ, ఆరో తరగతి పిల్ల ఒకతె ఆమె వెనకే వచ్చి నిలబడిందట. ఒక జడకు రిబ్బను ఊడిపోయి ఉంది. "ఆయమ్మా, నీకొకటి చెప్పాలి" అంది.

"సుత్తి ఎత్తేశాను. టైమైపోయింది, ఉండవే, గంట కొట్టాక చెబుదువుగాని అన్నాను. గణగణమని ఏకబిగిన కొట్టాను. తిరిగి చూసేసరికి అందరూ పరుగులు. ఆ గుంపులో కలిసిపోయింది. తెల్లారి రాలేదు. ఆ తెల్లారీ రాలేదు. వాళ్ళింటికి వెళ్తే తాళం. ఎక్కడికెళ్ళారో పక్కింటివాళ్ళకీ తెలీదు."

కాసేపు తాళాల గుత్తిని ఊరికే తిప్పింది.

"ఏం చెప్పాలనుకుందో. రిబ్బను కట్టమని అడగడానికే వచ్చిందేమో. కాదేమో. ఇప్పటికీ మొదటి దెబ్బ కొట్టగానే నా వెనక నిలబడ్డట్టే ఉంటుంది. చెప్పుకోనీ అని రెండోది కాస్త ఆపుతాను. తిరిగి చూడను. చూస్తే వెళ్ళిపోతుందేమోనని."

నేను చేరిన ఏడే బడిలో కొత్త పీరియడ్ పెట్టారు. పాఠం లేదు, మార్కుల్లేవు. కోపమొస్తే ఏం చేస్తారు, భయమేస్తే ఎవరికి చెబుతారు. పిల్లలు మాట్లాడాలి, మేం వినాలి. పిల్లలు దానికి మనసు పీరియడ్ అని పేరు పెట్టుకున్నారు. మాలో చాలామంది ఆ టైములో నోటుపుస్తకాలు దిద్దుకునేవాళ్ళం. నేనూ దిద్దాను.

తర్వాత కరెంటు గంట వచ్చింది. తెల్లటి గుండ్రటి డబ్బా.

"సార్, దీంట్లో నడుమ కాస్త ఆపడం కుదరదా?" అని ఆమె అడిగింది.

"మొదలైతే పది సెకన్లు ఆగదమ్మా. అదే దాని గొప్ప."

కొట్టే గంట లేదు గనుక సోమవారం నుంచి ఆమె వేరే బడికి వెళ్ళాలని ఆర్డరు వచ్చింది. ఆమె బెంగ బదిలీ గురించి కాదు. "ఇక ఆ కాస్త సందు ఎవరు ఉంచుతారు?" అని నన్నొకసారి, తోటమాలినొకసారి, ఖాళీ వరండానొకసారి అడిగింది.

ఆమె చివరి శుక్రవారం, చివరి పీరియడ్ మనసు పీరియడే. నెలల తరబడి నోరు విప్పని మూడో బెంచీ పిల్ల లేచి నిలబడింది. "టీచర్, మా ఇంట్లో..." అంది.

డబ్బా గంట మోగింది. నా చేతులు వాటంతటవే పుస్తకాలు సర్దాయి. లేచాను. ఆ పిల్ల నా వైపు చూసి, నోరు మూసుకుని, మెల్లగా సంచీ అందుకుంది.

గుమ్మంలో చీపురుతో గంటమ్మ. చూపు మూడో బెంచీ మీదే ఉంది. ఆ పిల్లలో ఎవరిని చూస్తోందో నాకు తెలుసు. చీపురు గోడకి ఆనించి, లోపలికొచ్చి, మూడో బెంచీ పక్కన నేల మీద కూర్చుంది.

"చెప్పు తల్లీ. నా చేతిలో సుత్తి లేదివాళ."

పిల్ల సంచీ మళ్ళీ బెంచీ మీద పెట్టింది. "అమ్మా నాన్నా మాట్లాడుకోవట్లేదు. నాన్నకి చెప్పు, అమ్మకి చెప్పు అని మాటలన్నీ నాతోనే పంపుతున్నారు. నిన్న ఒక మాట నేను చెప్పలేదు. చెబితే అమ్మ ఏడుస్తుందని. అది నా లోపలే ఉండిపోయింది."

వెళ్ళబోతున్న పిల్లలు వెనక్కి వచ్చి కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఆ మాట బయటికొచ్చేదాకా ఎవరూ లేవలేదు.

గదులన్నీ మూశాక గంటమ్మ తాళాల గుత్తి నా చేతిలో పెట్టింది. గేటు దాకా వెళ్ళి ఆగింది.

"అది మోగడం దాని పని, మోగనీండి. లోపల ఎవరైనా మాట మధ్యలో ఉంటే మాత్రం మీరు లేవకండి టీచరమ్మా."