అరుణ దాచిన మెయిళ్లు

ఇబ్రహీంపట్నంలో ఏ ఆఫీసులో మెయిల్ ఆగిపోయినా ముందు గుర్తొచ్చేది బాలరాజే. సాగర్ రోడ్డు మీది ప్లాట్ల ఆఫీసుల్లో, కాలేజీల్లో, పైపుల దుకాణంలో అతని ఫోన్ నంబరు గోడకు రాసి ఉండేది. ఏం చదివాడని మాత్రం అడక్కండి. కందుకూరు నుంచి వచ్చి, ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో నాలుగేళ్లు అటెండరుగా ఉండి, పాడైన మిషన్లు విప్పి చూస్తూ తనంతట తనే నేర్చుకున్నాడు. నేర్పినవాడు లేడు, తప్పు పట్టేవాడూ లేడు. పని మాత్రం వచ్చు, కాదనలేం. పాస్‌వర్డ్ తప్పా, సెట్టింగ్ చెడిందా, మెయిల్ పెట్టె నిండిందా అన్నది స్క్రీను చూసీ చూడగానే చెప్పేసేవాడు. ఆ పేరే తనకు తిండి పెడుతోందని అతనికి బాగా తెలుసు.

కొంగరకలాన్‌లో కలెక్టరాఫీసు లేస్తున్న రోజులవి. చుట్టుపక్కల చేనన్నదల్లా ప్లాటైపోతోంది. తెనాలి వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ వీరరాఘవులు అప్పటికే ఇబ్రహీంపట్నంలో ప్లాట్ల ఆఫీసు పెట్టి బాగా నిలదొక్కుకున్నాడు. ఆయనకొక పట్టింపు ఉంది. పొద్దున్నే కుర్చీలో కూర్చుని మెయిల్ తెరిస్తే ఇన్‌బాక్సు ఖాళీగా కనబడాలి. నిన్నటిది ఒక్కటి మిగిలినా ఆ రోజు బేరం కుదరదట! ఆ పట్టింపు భారమంతా అరుణ మీద పడింది.

అరుణ మంచాల నుంచి రోజూ బస్సులో వచ్చేది. మొగుడు భిక్షం లారీ మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక ఇంట్లో సంపాదన ఆమెదొక్కతిదే. జవాబిచ్చిన ప్రతి మెయిల్‌నూ డిలీట్ కొట్టి డస్ట్‌బిన్‌లోకి తోసేది, సారు అడిగితే అందులోంచే వెతికి తీసేది. అలా నాలుగేళ్ల మెయిళ్లన్నీ డస్ట్‌బిన్‌లోనే భద్రంగా ఉన్నాయి. మనకు నవ్వొస్తుంది గానీ, పాపం, ఆమె ఒక్కటంటే ఒక్కటి పోగొట్టలేదు.

ఒక సోమవారం మెయిళ్లు రావడం ఆగిపోయింది. అరుణ బాలరాజ్‌కు ఫోన్ చేసింది.

"పొద్దుగాల నుంచి ఒక్కటి రాలేదన్నా. సారు అగ్గి మీద ఉన్నడు."

"జర జరుగు చెల్లె, చూస్త" అంటూ అతను ఆమె కుర్చీలో కూర్చున్నాడు. చూస్తే సర్వర్‌లో పెట్టె నిండిపోయి ఉంది.

అంతలో ప్లాటు చూడటానికి ఎవరో వస్తే అరుణ లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "అన్నా, గా డస్ట్‌బిన్ మాత్రం ముట్టకు. మెయిళ్లన్ని అండ్లనే దాచిన."

అప్పటికే అతని చెవి దగ్గర ఫోను ఉంది. అవతల పైపుల దుకాణం ఈశ్వరయ్య, బిల్లు ప్రింటు రావట్లేదని ఒకటే గోల. "ఆఁ, ఆఁ" అన్నాడు బాలరాజ్, ఎవరితో అన్నాడో ఏమో. చూపు స్క్రీను మీదికి పోయింది. డస్ట్‌బిన్‌లో పద్దెనిమిది వేల మెయిళ్లు! ఇంత చెత్త పెట్టుకుంటే నిండక ఏమవుతుందనుకుని ఖాళీ చేయమన్నాడు. నిజంగానే తీసేయాలా అని మిషన్ అడిగింది. అవునన్నాడు.

ఐమాప్ అనే పద్ధతిలో మెయిళ్లు అసలు ఉండేది ఎక్కడో దూరాన సర్వర్‌లో. ఇక్కడ మిషన్‌లో, సారు ఫోన్‌లో కనిపించేవి అక్కడివే. ఒక చోట చెరిపితే అన్ని చోట్లా పోతాయి. పద్దెనిమిది వేలూ అలాగే పోయాయి. చోటు దొరికేసరికి ఆగిన మెయిళ్లు టింగుటింగుమంటూ దిగాయి.

వీరరాఘవులు భుజం తట్టాడు. "నీ చెయ్యి పడితే చాలయ్యా బాలరాజూ! కొంగరకలాన్‌లో కొత్త ఆఫీసు తెరుస్తున్నాం. అక్కడి పన్నెండు మిషన్లూ నీవే."

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ పిలుపొచ్చింది. మూల ప్లాటు వదులుకుంటానని మెయిల్‌లో ఒప్పుకున్న వినీత్ అనే కొనుగోలుదారు, నేనెప్పుడన్నానని అడ్డం తిరిగాడు. ఆ మెయిల్ చూపిస్తే తప్ప, ఆ ప్లాటు ఇంకొకరికి అమ్మిన బేరం నిలవదు. అరుణ డస్ట్‌బిన్ తెరిస్తే అది బోసిగా ఉంది.

బాలరాజ్ చూశాడు. ముందురోజు గుమ్మంలో నిలబడి అరుణ అన్న మాట ఇప్పుడు చెవిన పడింది. ఫోన్ చేసి వస్తానని మెట్ల కిందికి పోయి సర్వర్ కంపెనీని అడిగాడు. అవతలి మనిషి నింపాదిగా చెప్పాడు. "చెరిపిన రెండు రోజుల్లోపు అడిగితే పాత కాపీ నుంచి తెచ్చిస్తాం. మీ ఓనరు పేరుతో అర్జీ పెట్టండి. ఏ మిషన్లో, ఎన్ని గంటలకు చెరిపారో రిపోర్టు కూడా ఆయనకే పంపుతాం."

సోమవారం పదకొండున్నర. ఆ కుర్చీలో కూర్చున్నది తనేనని ఆఫీసంతా చూసింది. బుధవారం పదకొండున్నర లోపు నోరు విప్పితే మెయిళ్లన్నీ తిరిగొస్తాయి. విప్పితే పన్నెండు మిషన్లూ పోతాయి, సాగర్ రోడ్డంతా చెడ్డపేరు గుప్పుమంటుంది. మెట్ల కింద అయిదు నిమిషాలు నిలబడి లోపలికొచ్చాడు.

"ఏమయ్యా, వస్తాయా?" అన్నాడు వీరరాఘవులు.

"రావు సార్. ఖాళీ అయినంక ఎవ్వరు తేలేరు."

"ఎవరు చేశారో తెలుస్తుందా?"

"గీ మిషన్ నుంచే అయింది సార్."

అబద్ధం కాదు చూడండి! అక్కడే ఉంది దుర్మార్గమంతా. ఆ మిషన్ అరుణది.

"నేను ముట్టలే సార్! అన్నా, నిన్న నీకు చెప్పిన గద, డస్ట్‌బిన్ ముట్టకుమని?"

"నేనెందుకు ముట్టుకుంట చెల్లె? సెట్టింగ్ ఒక్కటే మార్చిన."

అంత మెత్తగా అన్నాడు, చెల్లె అని కూడా అన్నాడు. వీరరాఘవులు ఆమె వైపు తిరిగి నోటికొచ్చినట్టు తిట్టాడు. అరుణ కాసేపు బాలరాజ్ మొహంలోకి చూసింది. అంత తెలిసినవాడు కాదంటే కాదేమో అనుకుంది పిచ్చిది.

"నిన్న బస్సుకు ఆగమాగం ఉరికిన. నేనే నొక్కిన్నేమో సార్. మాఫ్ చెయ్యుండ్రి" అంటూ చేతులు జోడించింది.

బుధవారం పదకొండున్నరకు బాలరాజ్ పైపుల దుకాణంలో ప్రింటరు విప్పుతూ గోడ గడియారం చూశాడు. ముల్లు దాటింది. అతనికి ప్రాణం కుదుటపడింది, సిగ్గులేని మనిషి.

ఆ సాయంత్రం అరుణను తీసేశారు. పాస్‌వర్డ్ మార్చడానికి బాలరాజ్‌నే పిలిచారు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని ఆమె పక్కనే నిలబడింది. తన పేరు స్క్రీను మీంచి పోయేదాకా చూసి, "ఏ ఆఫీసులన్న పనుంటే చెప్పన్నా. నీకు అందరు ఎరుకే" అంది.

"చెప్త చెల్లె" అన్నాడు.

రెండు వారాలు గడిచాక ఈశ్వరయ్య అతన్ని ఆపాడు. "బాలరాజ్, మంచాల అరుణ పని అడుగుతుంది. నా పని ఎట్లుంటదో బాలరాజన్నను అడుగుండ్రని నీ పేరే చెప్పింది. ఎట్ల చేస్తది?"

ఆ దుకాణానికి బాలరాజ్ వారం వారం పోవాలి. పోయినప్పుడల్లా ఆమె అన్నా అంటూ కుర్చీ జరుపుతుంది, మంచినీళ్లిస్తుంది. ఆ మొహం చూడాలి.

"మంచిదే గని అన్నా, మెయిల్ పని మాత్రం ఇయ్యకు. గాడ నాలుగేండ్ల మెయిళ్లు పోగొట్టింది."

"అరె, నాకున్నది గా పనే గద! నువ్వు చెప్పినవ్, మంచిగైంది. ఇంకెవరన్న ఉంటే చూడు."

"చూస్త" అని బాలరాజ్ బండి స్టార్టు చేశాడు.