కంప్యూటర్ ఎవరికి ఏం చెబుతోంది?

అయిజ బస్టాండు ఎదురుగా ఏసురత్నం నడిపే టైపు సెంటరుకు బోర్డు లేదు. దాని అవసరం కూడా ఎప్పుడూ రాలేదు. చదువు రానివాళ్లు చెబుతుంటే విని అర్జీ రాసిపెట్టడంలో ఆమెకు మంచి పేరు. ఎవరి కాపురంలో ఏ తగాదా ఉందో, ఎవరికి ఏ జబ్బు ఉందో, ఎవరి పొలం ఎవరి చేతికి పోయిందో అన్నీ ఆమెకు తెలుసు. ఒక్క మాట కూడా ఆ గడప దాటేది కాదు.

2005లో కర్నూలు వెళ్లి కంప్యూటర్ కొన్నది. దుకాణం నడిపే మద్దిలేటిని ఒకటికి రెండుసార్లు అడిగింది.

“లోపల ఏసే సాఫ్ట్‌వేర్ అసలుదేనా అన్నా?”

“అసలుదే అక్కా,” అని అతను డబ్బాకు మెరిసే స్టిక్కరు కూడా అంటించాడు.

మరుసటి ఏడాది ఆమె ఫోన్ లైనుకు ఇంటర్నెట్ కలిపించింది. అప్‌డేట్లు దిగడం మొదలైంది. నాలుగో రోజు పొద్దున తెర కింద మూలలో ఒక నక్షత్రం గుర్తు, దాని పక్కన ఇంగ్లిషులో ఒక హెచ్చరిక కనిపించాయి. ఈ సాఫ్ట్‌వేర్ అసలుది కాదు, మీరు మోసపోయి ఉండవచ్చు అని దాని సారాంశం. ఆమెకు తల కొట్టేసినట్టయింది. అప్‌డేట్ పేరుతో దిగిన ఆ తనిఖీ ప్రోగ్రాం రోజూ కంపెనీకి కబురు పంపుతుందని ఆ వారమే పేపర్లో చదివింది.

అప్పుడే వీపనగండ్ల నుంచి బాలనాగమ్మ అనే కూలీమనిషి వచ్చింది. ఆమె చెల్లెలిని రాయచూరు దిక్కు పనికి తీసుకుపోయిన మేస్త్రీ ఇంటికి పంపడం లేదు. కలెక్టరుకు అర్జీ పెట్టుకోవాలి. చెబుతూ చెబుతూ ఆమె తెర వైపు చూసింది.

“ఆ చుక్క ఏందమ్మా?”

“ఇది దొంగ సరుకని చెప్తది.”

“ఎవలకు?”

“కంపెనీకి. దినాం చెప్తదంట.”

“గట్లయితే నేను చెప్పేది గూడ చెప్తదా?”

చెప్పదని అనబోయి ఏసురత్నం ఆగిపోయింది. “తెల్వదు బాలనాగమ్మా.”

“అయితే దాంట్ల కొట్టకు తల్లీ. మేస్త్రీకి తెలిస్తే నా చెల్లెను ఇంకేడికో తోల్కపోతడు.”

ఏసురత్నం ఆ అర్జీని చేత్తోనే రాసిచ్చింది. తన మాట మీద ఇన్నేళ్లుగా ఉన్న నమ్మకం ఒక్క చుక్కతో పోయిందని ఆమెకు కోపం వచ్చింది.

మర్నాడు కంప్యూటర్ డబ్బాను ఒడిలో పెట్టుకుని కర్నూలు బస్సెక్కింది.

మద్దిలేటి నవ్వాడు. “అందరూ ఇదే వాడతాండారు అక్కా. అప్‌డేట్లు ఆపేస్తే చుక్క రాదు.”

“నేను అసలుది అడిగితి గద?”

“అట్ల అడిగింది నువ్వొక్కదానివే.”

అతను అప్‌డేట్లు ఆపి పంపించాడు. చుక్క నిజంగానే రాలేదు. నెల తిరక్కుండా ఎవరో పెళ్లి కార్డు కోసం తెచ్చిన పెన్‌డ్రైవ్ నుంచి వైరస్ దిగింది. ఏడాదిగా దాచిన ఫైళ్లలో ఒక్కటీ తెరుచుకోలేదు. అప్‌డేట్లు ఉంచితే నిఘా, ఆపితే వైరస్. ఆ రోజు ఆమె సెంటరు మూసి, అన్నం కూడా తినకుండా పడుకుంది.

చివరికి వేరే దుకాణంలో చెప్పి అసలు డిస్కు తెప్పించింది. దాన్ని వేశాక, అది పనిచేయడానికి కంపెనీ నంబరుకు ఫోన్ చేసి తెర మీద వచ్చిన అంకెలన్నీ చదివింది. అవతలి మనిషి తెలుగులోనే అడిగాడు.

“ఇది ఇంతకుముందు ఎన్ని కంప్యూటర్లలో వేశారు మేడమ్?”

“నేను కొని రెండు దినాలాయె సార్! కొన్నంక గూడ నన్నే దొంగను చేస్తరా? సరే, జర ఇది చెప్పుండ్రి. మీ ప్రోగ్రాం నా కంప్యూటర్లకెళ్లి ఏం తీస్కపోతది?”

“మీ సొంత వివరాలేవీ తీసుకోదు మేడమ్.”

“మరి తీస్కునేది ఏంది? నన్ను అడిగిండ్రా?”

“నిబంధనలకు మీరు ఒప్పుకున్నారు కదా మేడమ్.”

నిజమే, ఒప్పుకుంటున్నానని నొక్కింది తనే. ఆ నిబంధనలు ప్రింటు తీస్తే పదకొండు పేజీలు వచ్చాయి. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు రోజులు చదివింది. కంప్యూటర్ గుర్తింపు సంఖ్య తీసుకుంటారని అర్థమైంది. ఆ తర్వాత “అవసరమైన ఇతర సమాచారం” అని ఉంది. అదేమిటో ఎక్కడా లేదు.

ఇంకో ఇరవై రోజులకు బాలనాగమ్మ చెల్లెలు జోగులమ్మ క్షేమంగా తిరిగి వచ్చింది. అధికారులే పోయి విడిపించారు. వాంగ్మూలం టైపు చేయించడానికి అక్కాచెల్లెళ్లిద్దరూ సెంటరుకు వస్తే, ఏసురత్నం ముందు ఫోన్ వైరు పీకి, అది వాళ్లకు చూపించి, ఆ తర్వాతే కూర్చుంది. అప్పటి నుంచి ఎవరు వచ్చినా అదే పద్ధతి.

కానీ ఆమె కోపం చల్లారలేదు. ఒక మధ్యాహ్నం సొంతంగా ఒక అర్జీ టైపు చేసింది. “ఇతర సమాచారం అనగా ఏమి? నా దగ్గరికి వచ్చువారికి నేను ఏమని చెప్పవలెను?” అని తెలుగులోనే అడిగి, డిస్కు పెట్టె మీదున్న చిరునామాకు రిజిస్టరు పోస్టు చేసింది. పది రోజులకు అందినట్టు సంతకంతో కార్డు తిరిగి వచ్చింది. జవాబు రాలేదు. రెండు నెలలు చూసి మళ్లీ పంపింది. దానికి కార్డు కూడా రాలేదు.