తల్లిగారి చీర

నాలుగు గంటలకు శవపేటిక మూసేస్తామన్నారు. మూడున్నరైంది, మా బాపు జాడ లేదు. సిద్దిపేట శివారులోని మఠం గేటు దగ్గర నిలబడి, దుబ్బాక వైపు నుంచి వచ్చే ప్రతి ఆటోలోకీ తొంగి చూస్తున్నాను. ఒక్కో ఆటో దాటిపోయేకొద్దీ ఆయన మీద కోపం పెరుగుతోంది.

లోపల పెట్టెలో ఉన్నది మా మేనత్త రాజమణి. మఠంలో ఆమె సిస్టర్ బెనెడిక్ట. దుబ్బాకలో బాపు నేస్తుంటే పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతూ పెరిగిన పిల్ల. ఇరవై ఏళ్ళప్పుడు క్షయ వచ్చి, క్రైస్తవ సిస్టర్ల దవాఖానలో ఆరు నెలలు ఉంది. నయమైంది గానీ ఇంటికి రాను, మఠంలో చేరతానంది. ఈ మఠంలోకి పోయినవాళ్ళు మళ్ళీ బయటికి రారు. చుట్టాలతో మాట్లాడేది కూడా ఇనుప జాలీ అవతలి నుంచే.

"ఆ గోడ దాటినవంటే నాకు చెల్లె లేదనుకుంట," అన్నాడు బాపు. ఆమె దాటింది. ఆయనది ఉడుంపట్టు, ముప్పై ఒక్క ఏళ్ళు వదల్లేదు.

నేను మాత్రం బీఎడ్ చదివే రోజుల నుంచి నెలకోసారి వెళ్ళేదాన్ని. పూజలో ప్రసాదంగా పంచడానికి చర్చిలకు పంపే పలుచని అప్పాలు కాల్చడం అత్త పని. గుండ్రంగా కత్తిరించగా మిగిలిన అంచులు జాలీ సందులోంచి నా చేతిలో పెట్టి, "మీ బాపు బీడీలు మానిండా?" అని ఆరా తీసేది. పోయిన నెల ఆ చేతిలో ఎముకలే మిగిలాయి. కడుపులో క్యాన్సర్ అప్పటికే ముదిరిపోయింది.

"సుచిత్రా, ఒకటడుగుత, నవ్వకు. ఆడిబిడ్డ సచ్చిపోతే పుట్టినింటోళ్ళు తల్లిగారి చీర కప్పుతరు గద. మా అన్న తెస్తడా?"

నేను నవ్వలేదు. ఇంటికి వెళ్ళి చెబితే బాపు లేచి బయటికి పోయాడు.

కానీ నాలుగు రోజుల కింద మగ్గం మీద ఎర్రంచు తెల్లచీర మొదలైంది. కాసేపు నేసి లేచిపోయేవాడు, బీడీ కాల్చి మళ్ళీ కూర్చునేవాడు. రెండు రోజుల్లో చీర దించే మనిషి! ఎవరికని అడిగితే "నీకెందుకు?" అని కసిరాడు. నాకు మాత్రం ఆశ పుట్టింది.

ఇవాళ పొద్దున స్కూల్లో ఉండగా మఠం నుంచి కబురొచ్చింది. బాపుకు ఫోన్ చేసి "అత్త పోయింది" అనగానే కట్ చేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

నాలుగుకు ఐదు నిమిషాలుందనగా మఠం పెద్ద మదర్ ఆగ్నెస్ నన్ను జాలీ దగ్గరికి పిలిచింది. "ఇక ఆపలేనమ్మా. ఫాదర్ వచ్చి కూర్చున్నారు."

"పది నిమిషాలు, మదర్," అని బతిమాలాను.

అప్పుడు వచ్చాడు బాపు. చంకలో తెల్లబట్ట మడత. దాని కొసన నేయకుండా మిగిలిన పడుగు పోగులు కుచ్చులుగా వేలాడుతున్నాయి. సగం నేసిన చీరను మగ్గం మీంచి కోయడం మా ఇంట్లో అశుభం. నానమ్మ పోయిన రోజు కూడా కోయలేదు.

"కోసినవా బాపూ?"

"కోసిన."

మదర్ మడతను చూసి తల అడ్డంగా ఊపింది. "మా సిస్టర్ల మీద మఠం బట్టలు తప్ప ఇంకేదీ కప్పకూడదండీ. అది నియమం."

"ముప్పై ఒక్క ఏండ్లు మీ నియమమే నడిచింది గదమ్మా! ఇయ్యాల ఒక్కపూట నాది నడ్వనియ్యి," అని అరిచాడు బాపు. నడిచింది నీ మొండితనం కూడా అనబోయి నాలుక కరుచుకున్నాను.

మదర్ మడత కొసన వేలాడే పోగుల వైపు చూసింది. తర్వాత నడుముకున్న తాళంచెవి తీసింది.

"నియమంలో మీద కప్పొద్దన్నారు. కింద పరచొద్దని ఎక్కడా లేదు. రండి."

సమాధి తవ్వేవాళ్ళకు తప్ప తెరవని తలుపు తెరుచుకుంది. నలుగురు సిస్టర్లు అత్తను పైకెత్తి పట్టుకున్నారు. బాపు పెట్టెలో తల వైపు నుంచి చీర పరుస్తూ, అరచేత్తో ముడతలు సాఫు చేస్తూ వచ్చాడు. మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి బట్ట అయిపోయింది. నేసింది మూడు మూరలే. నేతగాడికి బట్ట సాగదని తెలియదా? అయినా కొస పట్టుకుని లాగాడు. మళ్ళీ లాగాడు.

సిస్టర్లు ఇక ఆ బరువు మోయలేకపోతున్నారు. "దించుండ్రి," అన్నాడు చివరికి.

అత్త పాదాలు ఉత్త చెక్క మీద ఆనాయి. బాపు వంగి వాటిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇంకో మూర నేసేటోన్ని, మణీ. టైము లేకపాయె."

కాసేపటికి, ఎవరో ఎదురు ప్రశ్న వేసినట్టు, ఆయనే మళ్ళీ అన్నాడు.

"ఎందుకు లేదు? ముప్పై ఒక్క ఏండ్లుండె."