మామ మిల్లు కాంటా మీద నా సూట్‌కేసులు

జర్మనీలో చదువుకు సీటు వచ్చిందని తెలిసిన రోజు నుంచి మా బంధువులకు నేను మనిషిలా కనిపించడం మానేసి, కిరాయి లేని లారీలా కనిపించాను. సూర్యాపేట నుంచి ఒకాయన తన అల్లుడికని సకినాలు తెచ్చాడు. కోదాడ చిన్నమ్మ మూడు సీసాల గోంగూర పచ్చడి పట్టుకొచ్చి, "మావాడు ఇది లేకపోతే ముద్ద ఎత్తడమ్మా, కాస్త చోటు చూడు" అంది. వాళ్లవాడుండేది నేను వెళ్లే ఊరికి ఆరు గంటల దూరం. ఆ మాట చెబితే, "రైళ్లుంటాయిగా" అంది. నా పుస్తకాలు సగం, చలికోటు ఒకటి అప్పటికే ఇంట్లో అటకెక్కాయి.

వీటన్నిటికీ ఒప్పుకున్నది నేను కాదు, మా మేనమామ. అమ్మకు అన్న, మిర్యాలగూడలో రైసుమిల్లు ఓనరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా సూట్‌కేసుల్లో చోటంతా ఆయనే పంచిపెట్టాడు. నలుగురిలో పెద్దమనిషి అనిపించుకోవాలన్న యావ తప్ప ఆయనలో నాకెప్పుడూ ఏమీ కనిపించలేదు. నాన్నకు మాత్రం ఆయన మాట వేదం.

మా ఊరు వేములపల్లిలో పండిన మా వడ్లు ప్రతి పంటకూ ఆ మిల్లుకే పోయేవి. ఇంట్లో నిండుగా కుట్టిన బస్తా అక్కడికి పోయేసరికి తేలికయ్యేది. "నీ వడ్లల్ల అంత తాలే ఉంటది బావా. నీకు ఎవుసం రాదు" అని మామ హమాలీల ముందు నవ్వేవాడు. నాన్న తల దించుకుని ఇంటికొచ్చి, విత్తనం మంచిది కాదేమో, నీళ్లు సరిగ్గా పెట్టలేదేమో అని తనను తానే తిట్టుకునేవాడు. తెల్లారకముందే పొలంలో ఉండే మనిషికి తనకు సేద్యం రాదన్న దిగులు పట్టుకుంది.

ప్రయాణానికి ముందు రోజు మామ నా సూట్‌కేసులు రెండూ మిల్లుకు తెప్పించి, వడ్లు తూచే కాంటా మీద పెట్టించాడు. విమానంలో ఒక్కోదానికి ఇరవై మూడు కిలోలే అనుమతి. రెండూ సరిగ్గా ఇరవై మూడే తూగాయి. "సూసినవా కోడలా, గ్రాము తేడా రాదు మన కాంట" అన్నాడు. రోజూ చేసే పని చేతికి ఎంత అలవాటైపోయిందంటే, అది మోసమన్న సంగతే ఆ మహానుభావుడు మరిచిపోయాడు. దొంగకైనా కాస్త జ్ఞాపకశక్తి ఉండాలి.

మర్నాడు నాన్న, మామ నన్ను దింపడానికి వచ్చిన శంషాబాద్ విమానాశ్రయంలో లోపలికి వెళ్లే ద్వారం బయట సామాను తూచుకునే యంత్రం ఉంది. దాని మీద రెండు సూట్‌కేసులూ ఇరవై అయిదేసి తూగాయి.

"గిది తప్పు సూపిస్తున్నది! పైసలు గుంజనీకి గిట్ల పెడ్తరు" అని మామ అరిచాడు.

నాన్న చెప్పులు విడిచి తనే ఆ యంత్రం ఎక్కాడు. అరవై రెండు చూపించింది. రెండు రోజుల క్రితం దవాఖానలో తూచినప్పుడూ అరవై రెండే. దిగి చెప్పులేసుకుని మామ వైపు తిరిగాడు.

"నీ మిల్లుల ఎక్కితే నేనెంత తూగుత బావా?"

మామ నా మీద పడ్డాడు. "టైమ్ అయితంది, జల్ది ఆ పుస్తకాలు తీసెయ్యి కోడలా. పచ్చళ్లు ముట్టకు, నలుగురిల నా మాట పోతది."

జన్మలో ఆయన మాటకు ఎదురు చెప్పని నాన్న కింద కూర్చుని సూట్‌కేసులు తెరిచాడు. గోంగూర సీసాలు, సకినాల డబ్బా ఒక్కొక్కటే తీసి మామ చేతుల్లో పెట్టాడు.

"నీ మాట నువ్వే మోసుకపో బావా."

మా మామ చేతుల నిండా సీసాలతో నిలబడటం చూసి నాకు జాలి కలగలేదు. సంతోషం కలిగింది. ఇప్పటికీ దానికి సిగ్గుపడను.

నేను జర్మనీ చేరాక వచ్చిన యాసంగి పంట వడ్లు నాన్న మామ మిల్లుకు కాకుండా సూర్యాపేట మార్కెట్‌కు తోలాడు. సాయంత్రం ఫోన్ చేశాడు.

"సక్కగ తూగినయి బిడ్డా, ఇంట్ల ఎంత నింపిన్నో అంతే" అన్నాడు.

సంతోషిస్తాడనుకున్నాను. నాన్న ఏడుస్తున్నాడు.

"ఇన్నేండ్లు నా చేతులనే తిట్టుకుంటి గద బిడ్డా."